కాంటన్ రేవులో మన వాటా

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులు మానుకుని చైనా చరిత్ర వినడానికి వచ్చారు, చాలా సంతోషం.

నల్లమందు యుద్ధం అనగానే మనలో చాలామందికి స్కూలు పుస్తకంలో చదివిన రెండు పేరాలు గుర్తొస్తాయి. ఇంగ్లండు వాళ్లు చైనాకు నల్లమందు అమ్మారు, చైనా వద్దంది, యుద్ధం జరిగింది, హాంకాంగ్ పోయింది. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ నల్లమందు ఏ పొలంలో పండింది? దాన్ని అమ్మగా వచ్చిన డబ్బు ఎవరి ఖజానాలో పడింది? యుద్ధానికి వెళ్లిన పటాలాలు ఏ రేవులో ఓడ ఎక్కాయి? పాట్నా, కలకత్తా, బొంబాయి, మద్రాసు. ఈ నాలుగు ఊళ్లను తీసేస్తే ఆ యుద్ధమే లేదు. దాన్ని ఇంగ్లండుకీ చైనాకీ మధ్య జరిగిన గొడవగా చదివి పక్కన పెట్టేయడం నాకు బాధగా ఉంటుంది. అది మన చరిత్ర కూడా. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

తేయాకుతో మొదలుపెడదాం. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు జనానికి టీ అలవాటైంది. మొదట్లో డబ్బున్నవాళ్ల సరదా, తర్వాత కూలీల ఇళ్లలోకీ వచ్చింది. టీ మీద సుంకం ఒక దశలో 119 శాతం ఉండేది. 1784లో దాన్ని పన్నెండున్నర శాతానికి తగ్గించేశారు. దాంతో ఈస్టిండియా కంపెనీ దిగుమతులు అమాంతం పెరిగాయి. అప్పటికి అస్సాం తోటలు లేవు, డార్జిలింగ్ లేదు. వాళ్లు కొనే తేయాకంతా చైనా నుంచే రావాలి.

చైనాతో వ్యాపారమంటే ఆ రోజుల్లో ఒకే ఒక్క వాకిలి, కాంటన్. ఇప్పటి గ్వాంగ్‌జౌ. 1757లో చియెన్‌లుంగ్ చక్రవర్తి యూరప్ ఓడలన్నీ అక్కడికే రావాలని ఉత్తర్వు ఇచ్చాడు. నది ఒడ్డున వరసగా పదమూడు కొఠీలు, అంటే విదేశీ వర్తకుల గోదాములూ ఇళ్లూ కలిసిన భవనాలు. తెల్లవాళ్లు వ్యాపారం సాగే నెలల్లో మాత్రమే వాటిలో ఉండాలి, సీజను అయిపోగానే దగ్గర్లో పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉన్న మకావుకు వెళ్లిపోవాలి. ఆడవాళ్లను తీసుకురాకూడదు, కోట గోడ దాటి నగరంలోకి పోకూడదు. సర్కారు అనుమతి ఉన్న కొద్దిమంది హాంగ్ వర్తకులతోనే కొనుగోళ్లు, అమ్మకాలు. ఆ వర్తకుల్లో హౌకువా అనే పేరుతో తెల్లవాళ్లకు తెలిసిన ఊ బింగ్‌జియెన్ అప్పటి ప్రపంచంలోని మహా ధనవంతుల్లో ఒకడు.

కొనడం సరే, తిరిగి ఏం అమ్మాలి? ఇంగ్లండు దగ్గరున్న సరుకు ఉన్ని బట్టలు. కాంటన్ వేడికి అవి ఎవరికి కావాలి? మన దేశపు దూది కొంత అమ్ముడుపోయేది గానీ అది తేయాకు ఖరీదుకు ఏ మూలకూ చాలదు. మిగతాదంతా వెండి రూపంలో చెల్లించాలి. మెక్సికో గనుల్లో తవ్విన వెండి స్పెయిన్ డాలర్లుగా మారి పెట్టెలకు పెట్టెలు కాంటన్‌కు పోయేది. 1793లో మెకార్ట్నీ అనే రాయబారి గడియారాలు, బండ్లు, రకరకాల యంత్రాలు కానుకలుగా పట్టుకుని వెళ్లి ఇంకొన్ని రేవులు తెరవమని అడిగాడు. మా దగ్గర అన్నీ ఉన్నాయి, మీ వస్తువులు మాకు అక్కర్లేదని చియెన్‌లుంగ్ జవాబు రాసి పంపాడు.

ఆ వెండి లోటును పూడ్చింది బీహార్ పొలం.

చైనాలో నల్లమందు అమ్మకాన్ని, పీల్చే గదులను 1729లోనే యుంగ్‌జెంగ్ చక్రవర్తి నిషేధించాడు. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి, కంపెనీ ఈ రంగంలోకి దిగడానికి నలభై ఏళ్ల ముందే అక్కడ నిషేధం ఉంది. 1773లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్, బీహార్ నల్లమందును కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. తర్వాత తర్వాత పాట్నాలో ఒకటి, ఘాజీపూర్‌లో ఒకటి, రెండు పెద్ద ఫ్యాక్టరీలు నడిచాయి.

ఆ సరుకు ఎలా తయారయ్యేదో కాస్త దగ్గరగా చూద్దాం. మాఘ, ఫాల్గుణ మాసాల్లో గసగసాల పువ్వు రేకులు రాలుస్తుంది. ఆ రేకుల్ని పారెయ్యరు. ఆడవాళ్లు వాటిని ఏరి, మట్టి పెనం మీద వేడి చేసి, గుడ్డతో అదిమి పల్చటి రొట్టెల్లా చేసేవారు. తర్వాత పచ్చి కాయలకు మధ్యాహ్నం పూట నిలువుగా గాట్లు పెడతారు. రాత్రంతా పాలు కారి చిక్కబడితే తెల్లారి ఇనుప రేకుతో గీకి కుండలోకి తీస్తారు. ఒక్కో కాయకూ కొన్ని రోజుల తేడాతో మళ్లీ మళ్లీ ఇదే పని. ఇంటిల్లిపాదీ పొలంలోనే. ఆ కుండ ఫ్యాక్టరీకి చేరాక, ఇత్తడి గిన్నెలో రేకుల రొట్టెలు పొరలు పొరలుగా పరిచి, మధ్యలో నల్లమందు పెట్టి, పైన మళ్లీ పొరలు కప్పి, పల్చటి నల్లమందు జిగురుతో అతికించి ఉండ కట్టేవారు. ఫిరంగి గుండంత ఉండ. నెలల తరబడి ఆకాశమంత ఎత్తు అరల్లో ఆరబెట్టి, మామిడి చెక్క పెట్టెలో పై వరసలో ఇరవై, కింది వరసలో ఇరవై సర్ది, కంపెనీ ముద్ర వేసేవారు. పెట్టెకు నలభై ఉండలు, సుమారు 63 కిలోల సరుకు.

(సభలో ఒకరు: "రైతుకు ఇష్టం లేకపోతే వేరే పంట వేసుకోవచ్చు కదండీ?")

మంచి ప్రశ్న. కాగితం మీద వేసుకోవచ్చు. విత్తనం వేసే ముందే కంపెనీ గుమాస్తా అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బు శిస్తుకు, పాత అప్పుకు పోయేది. అడ్వాన్సు తీసుకున్నాక పంట మొత్తం కంపెనీకే ఇవ్వాలి, ధర కంపెనీయే చెబుతుంది. బయట అమ్మితే నేరం. పంట పోతే అడ్వాన్సు అప్పుగా మారి వచ్చే ఏడాదికి మెడకు చుట్టుకుంటుంది. ఊళ్లో జమీందారు, కుల పెద్ద, గుమాస్తా ముగ్గురూ కలిసి అడిగితే కాదనగలిగే సన్నకారు రైతు ఎంతమంది ఉంటారు? తిండి గింజలు పండే మంచి నేలల్లోనే గసగసాలు వేయించారు. కాబట్టి ఈ వ్యాపారంలో చైనా పొగరాయుడి కంటే ముందు నష్టపోయినవాడు బీహారీ రైతు అని నేను నమ్ముతాను.

సరే, పెట్టెలు తయారయ్యాయి. ఇక్కడ కంపెనీ చేసిన ఏర్పాటు గమనించండి. తన ఓడల్లో ఒక్క పెట్టె కూడా చైనాకు పంపదు. పంపితే నిషేధం కింద పట్టుబడి తేయాకు వ్యాపారం మొత్తం పోతుంది. అందుకని కలకత్తాలో బహిరంగ వేలం పెడుతుంది. కొనేవాళ్లు ప్రైవేటు వర్తకులు. వాళ్ల ఓడలు కాంటన్ దాకా పోవు, నది ముఖం దగ్గర లింటిన్ అనే దీవి దగ్గర లంగరు వేస్తాయి. అక్కడ పాత ఓడల్నే గోదాముల్లా నిలబెట్టారు. రాత్రిళ్లు చైనా స్మగ్లర్ల పడవలు, ఒక్కో పక్క పదుల కొద్దీ తెడ్లతో, వెండి ఇచ్చి సరుకు తీసుకుపోతాయి. అధికారులకు మామూళ్లు ముందే ముట్టేవి.

వర్తకుడి చేతిలో ఇప్పుడు వెండి ఉంది. దాన్ని ఇంటికెలా చేర్చాలి? కాంటన్‌లోని కంపెనీ ఖజానాలో కట్టేస్తాడు, బదులుగా లండన్‌లోనో కలకత్తాలోనో చెల్లే హుండీ, అంటే చూపిస్తే డబ్బిచ్చే కాగితం, తీసుకుంటాడు. కంపెనీ ఆ వెండితో తేయాకు కొంటుంది. ఇంగ్లండు నుంచి ఒక్క డాలరు తేకుండా ఓడ నిండా తేయాకు! నల్లమందుతో మాకేం సంబంధం, మేము వేలం మాత్రమే వేస్తాం అని చెప్పుకోవడానికీ వీలు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ లెక్కల పుస్తకమే. తుపాకి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది హుండీ.

ఈ వ్యాపారంలో మనవాళ్లూ బాగుపడ్డారు, అది దాచకూడదు. బొంబాయి వైపు నుంచి మధ్య భారతంలోని మాళవ నల్లమందు పోయేది. మాళవ సంస్థానాల్లో కంపెనీ గుత్తాధిపత్యం సాగలేదు, అందుకని చివరికి బొంబాయి మీదుగా పోయే సరుకు మీద పాసు రుసుము పెట్టి సరిపెట్టుకుంది. పార్సీ, మార్వాడీ, గుజరాతీ వర్తకులు ఇందులో పెద్ద చేతులు. జంషెడ్‌జీ జీజీభాయ్ కాంటన్‌లో నల్లమందు అమ్మే జార్డిన్ మాథెసన్ అనే బ్రిటిష్ ప్రైవేటు సంస్థకు ముఖ్య భాగస్తుడిగా కోట్లు సంపాదించాడు. బొంబాయిలో ఆయన పేరుతో ఉన్న ఆసుపత్రి, కళాశాల మనందరికీ తెలిసినవే. ఆయన దానధర్మాలు నిజం, ఆ డబ్బు పుట్టిన చోటూ నిజం. రెండూ ఒకే మనిషి గురించి చెప్పుకోవాలి.

లెక్క చూడండి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఏడాదికి నాలుగైదు వేల పెట్టెలు. 1833 చట్టంతో చైనా వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం రద్దయింది, ఎవరైనా దిగొచ్చు. 1838 నాటికి దాదాపు 40,000 పెట్టెలు. వెండి ప్రవాహం అప్పటికే వెనక్కి తిరిగింది, చైనా నుంచి బయటికి పోతోంది.

చైనా రైతుకు దీనివల్ల ఏమైందో చెప్పాలి. అతను సంతలో అమ్ముకున్నదానికి రాగి కాసులు వస్తాయి. పన్ను మాత్రం వెండిలో కట్టాలి. ఒక తాయెల్ (చైనా తూకం) వెండికి వెయ్యి కాసులని సర్కారు లెక్క. వెండి కరువై 1830ల చివరికి అది 1,600 దాటింది. పన్ను పెంచుతూ ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, అయినా రైతు మీద భారం ఒకటిన్నర రెట్లు దాటింది. నల్లమందు గొట్టం ఎప్పుడూ ముట్టుకోనివాడి ఇల్లు కూడా అలా గుల్లయింది.

బీజింగ్ దర్బారులో పెద్ద వాదన నడిచింది. చట్టబద్ధం చేసి సుంకం వేద్దామని 1836లో ఒక అధికారి అన్నాడు. పీల్చేవాళ్లకు మరణశిక్ష వేద్దామని 1838లో ఇంకొకరన్నారు. దావోగ్వాంగ్ చక్రవర్తి కఠినంగానే పోదామనుకుని లిన్ జెషూ అనే అధికారిని ప్రత్యేక కమిషనర్‌గా కాంటన్‌కు పంపాడు. లంచం ఎరగని మనిషి. 1839 మార్చిలో దిగాడు. సరుకంతా అప్పగించండి, ఇకమీదట తేమని పూచీ రాసివ్వండి అన్నాడు. ఇవ్వకపోయేసరికి కొఠీల చుట్టూ కాపలా పెట్టి పనివాళ్లను బయటికి పిలిచేశాడు. ఆరు వారాలు అలా గడిచింది. బ్రిటిష్ సూపరింటెండెంట్ చార్లెస్ ఇలియట్ వర్తకులతో, మీ సరుకు రాణి ప్రభుత్వం పేరు మీద నాకివ్వండి, పరిహారం ప్రభుత్వం చూసుకుంటుంది అన్నాడు. వర్తకులకు అంతకంటే ఏం కావాలి? 20,283 పెట్టెలు బయటికొచ్చాయి. ఆ ఒక్క మాటతో స్మగ్లర్ల సరుకు బ్రిటిష్ రాజ్యం ఆస్తిగా మారిపోయింది. యుద్ధానికి కారణం అక్కడ దొరికింది.

జూన్ 3న హ్యూమెన్ దగ్గర లిన్ ఆ సరుకును నాశనం చేయడం మొదలుపెట్టాడు. కాల్చేశాడని చాలాచోట్ల రాస్తారు, కాల్చలేదు. కాలిస్తే నేలలో ఇంకిన మందును తవ్వుకుంటారని ఆయనకు తెలుసు. సముద్రం పక్కన అడుగున రాతి పలకలు పరిచిన గోతులు తవ్వించాడు. నీళ్లు నింపి, ఉప్పు పోసి, ఉండల్ని ముక్కలు చేసి వేయించి, సున్నం కుమ్మరించాడు. కూలీలు పారలతో కలియబెడుతుంటే ఉడుకుతూ కంపు లేచేది. పోటు తగ్గేటప్పుడు తూము ఎత్తితే అంతా సముద్రంలోకి. మూడు వారాలకు పైగా పట్టింది. ఈ మురికి నీ ఒడిలో పోస్తున్నందుకు క్షమించమని, జలచరాలను కాసేపు దూరంగా పొమ్మని చెప్పమని లిన్ ముందే సముద్ర దేవుడికి మొక్కుకున్నాడు. పాట్నా, ఘాజీపూర్, మాళవ రైతుల చెమట వెయ్యి టన్నులకు పైగా అక్కడ కరిగిపోయింది.

1840 ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చ జరిగింది. ఇంతకంటే అన్యాయమైన యుద్ధం గురించి నేను వినలేదు, చదవలేదు అని, తర్వాతి కాలంలో ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్, అప్పటికి ముప్పై ఏళ్లవాడు, నిలబడి చెప్పాడు. ప్రభుత్వం 271 - 262 ఓట్లతో గట్టెక్కింది. తొమ్మిది ఓట్ల తేడా.

ఇప్పుడు మద్రాసు దగ్గరికి వద్దాం. ఆ దండయాత్రలో బ్రిటిష్ రెజిమెంట్లతో పాటు బెంగాల్ వాలంటీర్లు, 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అనే సిపాయిల కాలిబలం, వంతెనలు, దారులు కట్టే మద్రాస్ శాపర్లు ఉన్నారు. మద్రాసు సైన్యంలో తమిళులు, దక్షిణాది ముస్లింలతో పాటు తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఉత్తర సర్కారుల పల్లెల నుంచి సిపాయి కొలువుకు వెళ్లడం అప్పటికే రెండు మూడు తరాల అలవాటు.

1841 మే నెలాఖరు. కాంటన్ నగరం 60 లక్షల డాలర్ల విడుదల ధనం కట్టి బయటపడింది. నగరం ఉత్తరాన గుట్టల మీద బ్రిటిష్ జనరల్ గఫ్ సైన్యం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో సైనికులు దోపిళ్లు చేశారు, ఆడవాళ్ల జోలికి పోయారు, సమాధులు తవ్వారు. సాన్‌యువాన్‌లీ అనే ఊరి నుంచి మొదలై పదుల ఊళ్ల జనం ఈటెలు, కొడవళ్లు, పారలు పట్టుకుని వేల సంఖ్యలో వచ్చారు. సైన్యం తరిమితే వెనక్కి పోతారు, ఆగితే మళ్లీ వస్తారు. ఇంతలో కుండపోత వాన. వరి మళ్లు, గట్లు, దారి అంతా ఒకటే నీళ్లు. 37వ మద్రాస్‌కు చెందిన ఒక చిన్న జట్టు, అరవై మంది దాకా, మిగతా దళం నుంచి విడిపోయింది. వాళ్ల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. మందు తడిస్తే పేలవు. ఒక్కటీ పేలలేదు. నాలుగు వైపులా ముఖాలు పెట్టి బాయ్‌నెట్లు బయటికి చాచి చదరంగా నిలబడ్డారు. ఊరివాళ్లు పొడుగాటి గెడల చివర కొక్కేలు కట్టి ఒక్కొక్కరినీ బయటికి లాగబోయారు. చీకటిలో మరీన్లు, అంటే నౌకా సైనికులు, కొత్త రకం తుపాకులతో, వానలోనూ పేలే వాటితో, వెతుక్కుంటూ వచ్చి విడిపించుకుపోయారు.

ఆ దృశ్యంలో ఇటు ఉన్నదీ రైతు బిడ్డే, అటు ఉన్నదీ రైతు బిడ్డే. ఇటువైపు వాడికి ఆ ఊరితో ఏ పగా లేదు. తడిసిన వరి మడిలో నిలబడి వరి పండించేవాళ్ల మీద బాయ్‌నెట్ ఎత్తాల్సి వచ్చింది. చైనా పిల్లలు సాన్‌యువాన్‌లీ గురించి స్కూల్లో చదువుతారు. మన పిల్లలకు ఆ పేరే తెలియదు. తెలియాలని నా కోరిక. పాఠంలో ఒక్క పటం వేసి కాంటన్ పక్కన పాట్నా, మద్రాసు గుర్తులు పెట్టినా చాలు.

మిగతా యుద్ధం త్వరగా చెప్పేస్తాను. ఇనుప స్టీమరు నెమెసిస్, అది కూడా కంపెనీదే, లోతు లేని నీళ్లలోనూ దూరిపోయి చైనా యుద్ధ పడవల్ని తగలబెట్టింది. 1842 జూలైలో జెన్‌జియాంగ్ పడిపోయింది, బీజింగ్‌కు ధాన్యం పోయే పెద్ద కాలువ అక్కడే యాంగ్జీని దాటుతుంది. ఆగస్టు 29న నాన్‌జింగ్ ఒడంబడిక మీద సంతకాలు జరిగింది కార్న్‌వాలిస్ అనే యుద్ధ నౌక మీద. ఆ నౌకను 1813లో బొంబాయి రేవులో పార్సీ వాడియాలు టేకుతో కట్టారు. అందులోనూ మన కర్ర ఉందన్నమాట. హాంకాంగ్ ఇచ్చారు, ఐదు రేవులు తెరిచారు, 2 కోట్ల 10 లక్షల డాలర్లు కట్టారు. అందులో 60 లక్షలు లిన్ సముద్రంలో కలిపిన నల్లమందు ఖరీదు. వ్యాపారం ఇకమీదట సాగాలా వద్దా అన్నదాని మీద మాత్రం ఒడంబడికలో ఒక్క మాట లేదు. సాగింది. రెండో నల్లమందు యుద్ధం నడుస్తుండగానే, 1858లో, సుంకం కట్టి బహిరంగంగానే తేవచ్చన్నారు. మరో ముచ్చట, ఆ రెండో యుద్ధానికి చైనా పోతున్న పటాలాలను 1857 తిరుగుబాటు అణచడానికి దారిలోనే కలకత్తాకు మళ్లించారు. మన సిపాయిల తిరుగుబాటు వల్ల చైనాకు కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది. నల్లమందు ఎగుమతులు చైనాకు పూర్తిగా ఆగింది 1907 ఒప్పందం తర్వాత, ఏటా కొంత తగ్గించుకుంటూ పోయాక.

(సభలో మరొకరు: "సార్, ఆ యుద్ధానికి వెళ్లిన మనవాళ్లకు ఏం దక్కింది?")

37వ మద్రాస్‌కు గ్రెనేడియర్ అన్న గౌరవ హోదా ఇచ్చారు. వెళ్లిన రెజిమెంట్లకు జెండా మీద డ్రాగన్ బొమ్మ, సిపాయిలకు పతకం. సిపాయిలు కానివాళ్ల సంగతి చెప్తాను. 1841 సెప్టెంబరులో నెర్బుడా అనే రవాణా ఓడ తైవాన్ ఒడ్డున పగిలింది. తెల్లవాళ్లు దాదాపు అందరూ పడవలో ఎక్కి వెళ్లిపోయారు. సుమారు 240 మంది భారతీయుల్ని, పటాలం వెంట పోయే పనివాళ్లు, ఓడ కూలీలు, ఓడ మీదే వదిలేశారు. ఒడ్డుకు చేరినవాళ్లను పట్టుకున్న తైవాన్ అధికారులు, శత్రు నౌకను మేమే ఫిరంగులతో ముంచామని చక్రవర్తికి రాసి బహుమతులు పుచ్చుకున్నారు. ఆ తర్వాతి మార్చిలో ఆన్ అనే ఇంకో ఓడ కూడా అక్కడే చిక్కింది. 1842 ఆగస్టులో, నాన్‌జింగ్ సంతకాలకు రెండు మూడు వారాల ముందు, దాదాపు 200 మంది ఖైదీల తలలు నరికారు. కొందరు అంతకు ముందే జైలులో పోయారు. రెండు ఓడల్లో చిక్కిన దాదాపు 300 మందిలో చివరికి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లు పది పన్నెండు మంది. ఏ రెజిమెంటు పేరూ లేనివాళ్లు కాబట్టి డ్రాగన్ జెండాతో వాళ్లకు పని లేదు. బ్రిటిష్ ప్రతినిధి పాటింజర్ పట్టుబట్టాక ఆ ఇద్దరు అధికారులు, దాహోంగా, యావో యింగ్‌లను పదవుల నుంచి తీసి బీజింగ్‌కు పిలిపించి జైలులో పెట్టారు, కొద్ది రోజులకే వదిలేశారు కూడా.

ఇంకెవరైనా అడగాలనుకుంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.